అరిగిన పుల్లీ మీద రెండేళ్ళ జాజ్

పుల్లీ డ్రాయింగ్ గీసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. చివర్లో బయటపడితే దాచుకున్నాడంటారు. డ్రాయింగు నాది, కొలతలు నావి, కింద సంతకం కూడా నాదే. అయినా నా కోపం మాత్రం మా బావ మీద. ఇన్నేళ్ళయింది కదా, కాస్తయినా తగ్గిందేమోనని అప్పుడప్పుడూ తడిమి చూసుకుంటూ ఉంటాను. ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకన్నా నాలుగు నెలలు పెద్ద. తొంభైలలో వాడికి భిలాయి ఖుర్సీపార్‌లో రికార్డింగ్ షాపు ఉండేది. సినిమా పాటల జాబితా, ఖాళీ క్యాసెట్టు తీసుకెళ్ళి ఇస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. ఒక వైపు హిందీ, ఒక వైపు తెలుగు అడిగేవాళ్ళే ఎక్కువ; భిలాయిలో పుట్టిన మా బుర్రలు కూడా అలాగే రికార్డయి ఉండేవి. వాడి పనితనమంతా ఇమడ్చడంలో ఉండేది. ముప్ఫై నిమిషాల వైపులో ఏ పాటా మధ్యలో తెగకూడదు, చివర్లో ఖాళీ టేపు మిగలకూడదు. అందుకని వాడు ఏ పాటనైనా ముందు వినడు. ముందు నిమిషాలు చూస్తాడు, నోటుబుక్కులో రాసుకుంటాడు, ఆ తర్వాత తీరికుంటే వింటాడు.

నేను రాయ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదివి హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. భిలాయి ఉక్కు ప్లాంటులోని రష్యా యంత్రాల్లో విరిగిపోయిన భాగాలు మా దగ్గరికొచ్చేవి. వాటిని కొలిచి, డ్రాయింగు గీసి, లేత్ మీద కొత్తవి చేయించడం నా ఉద్యోగం. సాయంత్రం సెక్టర్ 2లో నాన్నకిచ్చిన క్వార్టరుకి తిరిగొచ్చాక నా రెండో ఉద్యోగం మొదలయ్యేది. అది ఎవరూ వినని సంగీతం వినడం.

ఈ జబ్బు హాస్టల్లో షార్ట్‌వేవ్ రేడియో ద్వారా అంటుకుంది. గరగర మధ్య నుంచి ఒక శాక్సఫోన్ దారి తప్పిన మనిషిలా వినబడింది, నేను దాని వెనకాలే వెళ్ళిపోయాను. తర్వాత ఒక ఇంగ్లిష్ సంగీత పత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ పుణ్యమా అని నాలాంటి ఏడుగురు తగిలారు. నాగపూర్‌లో ఒక బ్యాంకు గుమాస్తా, బిలాస్‌పూర్‌లో ఒక రైల్వే గార్డు, విశాఖపట్నంలో ఒక కాలేజీ లెక్చరరు, ఇంకో నలుగురు. ఎవరినీ ఎప్పుడూ చూడలేదు. మా నియమం ఒక్కటే. దొరికిన క్యాసెట్టు దాచుకోకూడదు. కాపీ తీసి ఇద్దరికి పంపాలి, వాళ్ళు ఇంకో ఇద్దరికి. క్యాసెట్టుతో పాటు, అందులో ఏం వినాలో చెబుతూ ఒక కార్డు రాసి పెట్టాలి. క్యాసెట్ల కన్నా ఆ కార్డుల మీదే నాకు శ్రద్ధ ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఎవరైనా అని ఉంటే గొడవయ్యేది.

మా అమ్మ నా సంగీతాన్ని రెండు రకాలుగా విభజించింది: గిన్నెలు పడేది, గిన్నెలు పడనిది. మొదటిది జాజ్. రెండోది వాయిద్యమేదో తెలియకుండా, తాళం లేకుండా, పావుగంట సేపు ఒకే మబ్బులా కదిలే సంగీతం. ఇంతకన్నా పనికొచ్చే విభజన నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

మా వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. విజయనగరం మనిషి. ప్లాంటులో రష్యా నిపుణులకు ముప్ఫయ్యేళ్ళు దుబాసీగా పనిచేశారు. వాళ్ళ దేశమే లేకుండా పోయాక నిపుణులు ఒక్కొక్క కుటుంబంగా వెళ్ళిపోతూ, మోయలేని సామానంతా ఆయనకిచ్చి పోయారు. ఆ ఇంట్లో టీ నీళ్ళు కాచే సమోవార్లు నాలుగు, ఏడు ఉన్ని టోపీలు ఉండేవి. భిలాయి మే నెలలో ఆ టోపీలు చూస్తేనే చెమట పట్టేది. వాటితో పాటు ఒక రికార్డ్ ప్లేయరు, ముప్ఫై నాలుగు ఎల్పీ రికార్డులు. అవి ఒక ఇంజనీరువి. అతని స్నేహితులు ఏవేవో చిన్న ఊళ్ళలో చేసుకున్న జాజ్, విద్యుత్ పరికరాలతో చేసిన ప్రయోగాలు, ఒకదానిలో ఆ ఇంజనీరే వాయించిన ట్రంపెట్.

దుబాసీ గారు రిటైరయ్యి క్వార్టరు ఖాళీ చేసి విశాఖ వెళ్ళిపోబోతున్నారు. నా పిచ్చి సంగతి వీధంతా తెలుసు గనక నన్ను పిలిపించారు.

"ఇవి వాళ్ళ దేశంలోనే దొరకవట బాబూ. అచ్చు వేసిందే కొన్ని. వెళ్ళేలోగా కాపీలు తీసుకోండి. ఒక్కటే మాట. ఉన్నది ఉన్నట్టు తీయండి. అతను నా చేతుల్లో పెట్టి వెళ్ళాడు."

ఉన్నది ఉన్నట్టు. ప్రపంచంలో ఇంకెక్కడా మిగలని సంగీతాన్ని చెడకుండా దించడమే నేను చేయవలసింది. నాకు ఎవరూ అప్పగించని బాధ్యతలు నెత్తినేసుకోవడం అలవాటు. ఇదొక్కటే నిజంగా అప్పగించింది.

ప్లేయరు పనిచేయడం లేదు. మోటారు మీద ఉండే ఇత్తడి పుల్లీ, వేలి కొస కన్నా చిన్నది, చీలిపోయింది. ఆ పుల్లీ మీది నుంచి రబ్బరు బెల్టు వెళ్ళి పళ్ళేన్ని తిప్పుతుంది. "బెల్టు జారుతుంటే నెలకోసారి గరుకు కాగితంతో పుల్లీని రుద్దేవాణ్ణి బాబూ, నాలుగేళ్ళు రుద్దాను, బాగా పట్టేది" అని దుబాసీ గారు గర్వంగా చెప్పారు. నేను కూడా మెచ్చుకున్నాను.

మా వర్క్‌షాపులో కొత్తవాడికి చెప్పే మొదటి పాఠం, వచ్చిన శాంపిల్ అరిగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మవద్దని. అరగని చోట కొలువు, అరిగినంతా కలుపు, అప్పుడు గియ్యి. అది ఏ లావు షాఫ్టుకైనా చేస్తాం. ఈ పుల్లీకి నేను చెయ్యలేదు. ఆ ముప్ఫై నాలుగు రికార్డుల ఎదుట కూర్చుని నాకు భక్తి కుదిరింది. బెల్టు కూర్చునే గాడి వ్యాసం మైక్రోమీటరుతో దశాంశం తర్వాత రెండంకెల దాకా కొలిచి, అలాగే గీసి, మా టర్నరు చేత అలాగే చేయించాను. నాలుగేళ్ళ గరుకు కాగితాన్ని అంత నిక్కచ్చిగా నకలు తీసినవాడు భారతదేశంలో ఇంకొకడుండడు. పుల్లీ సన్నబడితే పళ్ళెం నెమ్మదిగా తిరుగుతుంది. పళ్ళెం మీద కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు వస్తున్నాయా లేదా అని లెక్కపెట్టి ఉంటే అయిపోయేది. ఊరు ఊరంతా యంత్రాల చుట్లు లెక్కపెట్టి బతికే చోట ఆ పని చేయడం నాకు తట్టలేదు.

ప్లేయరుని దుప్పట్లో చుట్టి స్కూటరు మీద బావ షాపుకి తీసుకెళ్ళాను. ఆరు ఆదివారాలు వాడు రికార్డు చేశాడు, నేను కళ్ళు మూసుకుని విన్నాను. రికార్డులు తిరిగిచ్చేశాను. మే నెలలో దుబాసీ గారి సామాను లారీ ఎక్కింది. దారిలో లారీ చెడిపోయి రెండు రోజులు ఎండలో నిలిచిపోయింది. చేరాక ఆయన ఉత్తరం రాశారు: సమోవార్లు క్షేమం, టోపీలు క్షేమం, రికార్డులు మాత్రం అప్పడాల్లా వంకర తిరిగిపోయాయి, అన్నీ. ఇక మిగిలింది మీ దగ్గరున్నవే బాబూ.

ఆయనకొక సెట్టు, మా గుంపులో ఏడుగురికీ ఏడు సెట్లు పంపాను. నియమం ప్రకారం వాళ్ళు మరో ఇద్దరిద్దరికి. కార్డులు రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒక రికార్డు రెండో వైపు మొదట్లో, రేడియోలో వార్తలకి ముందు టైము చెప్పే ఆరు పీపీలు వస్తాయి, తర్వాత వాటి మీదకి నెమ్మదిగా గాలిలాంటి శబ్దం పాకుతుంది. దాని కార్డు మీద ఇలా రాశాను: "ఇక్కడ కాలమే అలసిపోయింది. ఈ ఆరు చుక్కల మధ్య ఎడంలో ఒక సామ్రాజ్యం కూలిపోవడం వినిపిస్తుంది." నాగపూర్ గుమాస్తా ఆ రెండు వాక్యాల మీద ఆరు పేజీల ఉత్తరం రాశాడు. రెండేళ్ళ పాటు మా చిన్న గుంపులో నేను పెద్ద మనిషిని.

ఆ పెద్దరికం ఒక మధ్యాహ్నం పోయింది.

నాన్నకి ఆ రోజు రెండో షిఫ్టు. భోంచేసి, చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుంటున్నాడు. నేను పక్క గదిలో ఆ క్యాసెట్టు పెట్టాను. పీపీలు మొదలవగానే నాన్న చేయి తనంతట తానే పైకి లేచింది. డ్యూటీకి వెళ్ళే ముందు రేడియో పీపీలకి గడియారం సరిచేసుకోవడం ఆయనకి నేను పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. గడియారం మర లాగి పట్టుకుని నిలబడ్డాడు. ఆరో పీ అయింది. వార్తలు రాలేదు.

"ఒరే, వార్తలేవిరా?"

"రేడియో కాదు నాన్నా, క్యాసెట్టు."

"మరి పీపీలు కొట్టిందేటి?"

"అది సంగీతంలో భాగం."

నాన్న మర వెనక్కి నొక్కలేదు. "సాగుతున్నాయిరా ఇవి."

"అదే నాన్నా దాని అందం."

"అందమేటిరా, సెకనంటే సెకనే. రష్యావోడికొక సెకను, మనకొక సెకను ఉంటాదేటి? మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేశాను. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మూడోసారి వేయించాడు. "మొదటిదానికీ ఆఖరుదానికీ మధ్యన అయిదు సెకన్లుండాలి. అర సెకను ఎక్కువొస్తంది. నీ టేపు నీరసంగా తిరుగుతోంది, బెల్టు మార్పించు" అని చెప్పి సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాడు. సామ్రాజ్యం గురించి ఆయన ఏమీ అనలేదు.

నా టేప్ రికార్డరుకేమీ జబ్బు లేదు. కొన్న సినిమా క్యాసెట్లు గడియారంతో చూశాను, సరిగ్గా ఉన్నాయి. మర్నాడు వర్క్‌షాపులో పాత డ్రాయింగు తీశాను. గాడి వ్యాసం దగ్గర నా అందమైన చేతిరాత. తొమ్మిది పాయింట్ పది మిల్లీమీటర్లు. పక్కన కాగితం మీద వెనక నుంచి లెక్క కడితే అసలు పది ఉండాలి. గరుకు కాగితం అప్పుడు గుర్తొచ్చింది. డ్రాయింగు మడిచి జేబులో పెట్టుకుని, అరపూట సెలవు చెప్పి, నేరుగా ఖుర్సీపార్ వెళ్ళాను. నా తప్పు నాకు తెలిసింది. ఎవరికైనా చెప్పుకుంటే బరువు తగ్గుతుందనుకున్నాను. కోపంగా వెళ్ళలేదు. ఈ సంగతి నొక్కి చెప్పాలి.

బావ ఎవరిదో పెళ్ళి క్యాసెట్టు మీద పేరు రాస్తున్నాడు.

"బావా, ఆ రష్యా రికార్డులు స్లోగా ఎక్కాయి."

"ఆఁ" అన్నాడు తలెత్తకుండా. "పది పర్సెంట్."

షాపులో ఫ్యాను తిరుగుతోంది. అది కూడా స్లోగానే తిరుగుతున్నట్టుంది నాకు.

"నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. అట్ట మీద అయిదు నిమిషాలని ఉంటే అయిదున్నర వచ్చింది. రెండోది చూశాను, అదీ అంతే. అక్షరాలు రష్యావి గానీ బావా, అంకెలు మనవే కదా."

"తెలిసి చెప్పలేదా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"మొదటి ఆదివారమే. 'బావా, టైము తేడా వస్తోంది, సున్, కాస్త విను' అన్నాను. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. కళ్ళు తెరవకుండానే ఏటన్నావో తెలుసా? 'ఇది నీ సినిమా పాటల లెక్క కాదు, నీకర్థం కాదు, నువ్వు బటన్ నొక్కు చాలు' అన్నావు. నొక్కేశాను."

"నేనలా అనలేదు."

అన్నాను. అనలేదని అంటుండగానే గుర్తొచ్చింది, ఏ స్వరంతో అన్నానో కూడా గుర్తొచ్చింది. కానీ అప్పటికే మాట బయటికొచ్చేసింది, ఇక దాని వెనకాలే వెళ్ళక తప్పలేదు.

"ఒకవేళ అన్నాననుకో! ఒక్క మాటకి ఆరు ఆదివారాలు నోరు మూసుకుంటావా? ఎన్ని ఊళ్ళకి వెళ్ళాయో తెలుసా అవి?"

"నాకేటి తెలుసు బావా, నేను బటన్ నొక్కేవాణ్ణి."

"రెండేళ్ళు! మా ఇంటికొచ్చినప్పుడల్లా విన్నావు. నేను నలుగురికీ వివరించి చెబుతుంటే పక్కన కూర్చుని పకోడీలు తిన్నావు!"

"పకోడీలు బాగున్నాయి. అత్తకి చెప్పాను కూడా."

"నవ్వుకున్నావన్నమాట."

"లేదు" అన్నాడు. మొదటిసారి తలెత్తి చూశాడు. "నవ్వు రాలేదు బావా. కాలం అలసిపోయిందని రాశావే, ఆ కార్డు చదివినప్పుడు ఒక్కసారి వచ్చింది. అంతే."

అప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. కౌంటరు మీదున్న ఖాళీ క్యాసెట్ల దొంతర కింద పడేంత కొంచెం. పెళ్ళి క్యాసెట్టు తాలూకు మనిషి గుమ్మంలో నిలబడి, "భయ్యా, మై బాద్ మే ఆతా హూఁ" అని, తర్వాత వస్తానంటూ వెళ్ళిపోయాడు. ఏమీ అర్థం కాదని నేననుకున్న బావకి అన్నీ అర్థమయ్యాయి, నాకు ఒక్కటీ కాలేదు. అది క్షమించవచ్చునేమో. కానీ నేను తప్పు చేస్తున్నానని తెలిసి, నా తప్పు నేను ఊరూరా పంచుతుంటే చూస్తూ, అలిగి, రెండేళ్ళు తీరిగ్గా అలిగి కూర్చోవడం! అలక కూడా వాడు నిమిషాలు లెక్కకట్టి ఇమడ్చినట్టే చేశాడు, ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఖాళీ మిగల్లేదు.

వాడి సాయం లేకుండానే సరిచేద్దామనుకున్నాను. టేప్ రికార్డరు మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో మర తిప్పితే వేగం మారుతుంది. పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవరు, తీసుకుని తిప్పాను. రష్యా వాళ్ళు సరిగ్గా వచ్చారో లేదో తెలుసుకునేలోగా అమ్మ తన భజన క్యాసెట్టు పెట్టుకుంది. భక్తులందరూ రైలు అందుకోవాలన్నట్టు పాడారు. "ఏటి చేశావురా దీన్ని?" అని అమ్మ అరిచింది. మళ్ళీ వెనక్కి తిప్పబోతే మర జారిపోయింది. అయినా నా ఒక్క రికార్డరుతో ఏమవుతుంది? ఒకటి వేగంగా నడవాలి, ఇంకొకటి సరైన వేగంతో రికార్డు చేయాలి. ప్రతి పాటా అసలెంత నిడివో తెలియాలి. రెండు మంచి క్యాసెట్ డెక్కులూ, ఆ నిడివులూ భిలాయి మొత్తంలో ఒకే చోట ఉన్నాయి. అట్టల మీది నిమిషాలన్నీ మొదటి రోజు నుంచీ బావ నోటుబుక్కులో రాసుకున్నాడు.

రెండు వారాలు ఆగి వెళ్ళాను. వాడు నా కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. అది చూసి ఇంకా మండింది.

"చేస్తాను" అన్నాడు. "ఒక షరతు."

"చెప్పు."

"ఒక్కొక్క పాట అయ్యాక నాకేమనిపించిందో చెప్తాను. నువ్వు మధ్యలో మాట్లాడకూడదు."

"తర్వాత?"

"తర్వాత కూడా మాట్లాడకూడదు."

ఇంకో దారి లేదు. ఒప్పుకున్నాను.

ముందు ఎనిమిది ఉత్తరాలు రాశాను. పాత క్యాసెట్లు తప్పు, కాపీలు తీయడం ఆపండి, సరైనవి పంపుతున్నాను, నా కార్డులు చింపేయండి. బావ నా భుజం మీంచి చదివి, "డ్రాయింగు ఎవరు గీశారో రాయలేదేం?" అన్నాడు. రాశాను. ఎనిమిదిసార్లు.

ఆదివారం ఆదివారం పని సాగింది. వాడు నోటుబుక్కు చూసి ఒక డెక్కు మర సవరించేవాడు, రెండోదానిలోకి దించేవాడు, పాట అయ్యాక షరతు ప్రకారం మాట్లాడేవాడు. ట్రంపెట్ ఇంజనీరు పాట నేను రెండేళ్ళు శోకమని పంచింది. సరైన వేగంలో విని బావ అన్నాడు: "ఇది బ్యాండు మేళంరా. పెళ్ళికి వెళ్ళేటప్పటిది కాదు. పెళ్ళి అయిపోయాక, ఖాళీ బండిలో తిరిగొస్తూ వాళ్ళ కోసం వాళ్ళు వాయించుకుంటారే, అది." ఇంకోదానికి నేను "వాయిద్యకారుల మధ్య అరుదైన అవగాహన" అని రాసి ఉన్నాను. వాడు, "డ్రమ్ముల వాడికి ఈ శాక్సఫోన్ వాడంటే పడదు. విను, వీడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా వాడు ఒకటి ఎక్కువ కొడుతున్నాడు" అన్నాడు. విన్నాను. కొడుతున్నాడు. ప్రతిసారీ కొడుతున్నాడు. నోరు తెరవకూడదు గనక బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. వాడు తప్పు చెప్పి ఉంటే భరించడం తేలికగా ఉండేది.

ఈలోగా జవాబులు రాసాగాయి. బిలాస్‌పూర్ గార్డు రాశాడు: తను పంపినవి అప్పుడే ఝార్సుగూడ దాటి టాటానగర్ చేరాయి, బండి వెళ్ళిపోయాక జెండా ఊపి ఏం లాభం? నాగపూర్ గుమాస్తా ఇంకా ముందుకెళ్ళాడు: "కొత్తవి పరుగెడుతున్నాయి. పాతవే అసలైనవి. దయచేసి సవరించకండి. కాలం అలసిపోయిందన్న మీ మాటతో నేను ఏకీభవిస్తూనే ఉంటాను, మీరు ఏకీభవించకపోయినా." నలుగురు జవాబే రాయలేదు. విశాఖ లెక్చరరు ఒక్కడే పాత సెట్టు తిరిగి పంపి కొత్తది తీసుకున్నాడు. దుబాసీ గారికి, మొదట సరిచేసిన ట్రంపెట్ క్యాసెట్టు పంపి, రోజూ పోస్టుమాను కోసం ఎదురుచూశాను. పాత సెట్టు అందినప్పుడు రెండేళ్ళ కిందట ఆయన "బాగున్నాయి బాబూ" అని కార్డు రాశారు. ఇప్పుడు రాశారు: "ఇది కూడా బాగుంది బాబూ."

ఆ కార్డు బావకి చూపించాను. వాడు నవ్వలేదు. "అయినా చేద్దాం" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు ఒక్క సెట్టయినా ఉండాలి కదా." ఆ మాట నేను అనవలసింది. వాడన్నాడు. దానికి కూడా ఒళ్ళు మండింది.

చివరిది గిన్నెలు పడని రకం. ఒక వైపంతా ఒకే పాట. మొదట్లో ఏదో మోగుతుంది, అది ఆగిపోయిందనుకునేలోగా ఇంకేదో ఉందని తెలుస్తుంది, అంతే. దానికి నేను అప్పట్లో రెండు వైపులా నిండా కార్డు రాశాను. మధ్యాహ్నం, ఖుర్సీపార్ బజారంతా గుమ్మం ముందే ఉంది. ఎవరో జాబితా పట్టుకొస్తే బావ చేత్తోనే రేపు రమ్మన్నాడు. పాట అయింది. వాడు బటన్ నొక్కి, నిడివి చూసి, నోటుబుక్కులో టిక్కు పెట్టాడు. నేను వాడి అభిప్రాయం కోసం కాచుకుని ఉన్నాను. వాడు క్యాసెట్టు డబ్బాలో పెట్టాడు, తీశాడు.

"చెప్పవేం?" అన్నాను, షరతు దాటి.

"ఏటి చెప్పను? ఇది నాకు బోధపడలేదు బావా." నా వైపు తిరిగి, "నీకు బోధపడిందా?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగా అడుగుతున్నాడు. నేను వాడి మొహం బాగా వెతికాను, ఎక్కడైనా కాస్త వెటకారం దొరికితే బాగుండునని.

రెండు వైపులా నిండా రాసిన కార్డు నా చొక్కా జేబులో ఉంది.

"లేదు" అన్నాను.

"అయితే మళ్ళీ ఎయ్యనా?"

వేయమన్నాను. వాడు బల్ల ఇవతలికి వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చున్నాడు. పాట పొడుగునా నేను పళ్ళు నూరుతూనే విన్నాను. ఇరవై నిమిషాలు. సరిగ్గా ఇరవై, వాడు గడియారం పెట్టి చూశాడు.